సున్నా బిల్లు సరే, మీ ఇంటి అంకె ఎంత?

మోకలో, చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న మన తెలుగు ఇళ్లలో కరెంటు బిల్లు చదివే అలవాటు తగ్గిపోయింది. 2023 ఆగస్టు నుంచి చాలా ఇళ్లకు గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తోంది. రీడింగు తీసే అబ్బాయి చీటీ చింపి ఇస్తే, కింద సున్నా ఉందా లేదా అని చూసి గూట్లో పెట్టేస్తున్నారు. సంఘానికి వచ్చిన ఒక పెద్దాయనను పాత బిల్లులు తెమ్మని అడిగితే, "ఏమప్పా, సున్నా వచ్చినాక దాంట్లో చూసేదేముంది?" అన్నాడు. ఏప్రిల్, మే బిల్లులు చేతికొచ్చాక అదే మనుషులు చీటీలు పట్టుకుని తిరుగుతున్నారు. పక్కింట్లో ఏసీ ఉన్నా సున్నా, మా ఇంట్లో ఫ్యాన్లే తిరిగినా ఆరు వందలు, ఇదేం లెక్క అని అడుగుతున్నారు.

లెక్క తప్పేమీ కాదు. పథకం రాసుకున్న తీరే అది. "200 యూనిట్ల దాకా ఉచితం" అన్న మాటే అందరి చెవిలో పడింది కాని, అందరికీ 200 లేదు. ఒక్కో ఇంటికి ఒక్కో అంకె ఉంది. అది 2022-23 ఆర్థిక సంవత్సరంలో, అంటే 2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా, ఆ ఇల్లు నెలకు సగటున వాడిన యూనిట్ల మీద 10 శాతం కలిపి కట్టిన అంకె. సగటు 48 యూనిట్ల లోపు ఉన్న ఇళ్లకు 10 శాతం మరీ చిన్నదవుతుందని, 2024 జనవరిలో దాన్ని 10 యూనిట్లుగా మార్చారు. ఆ ఏడాది లెక్క లేని కొత్త మీటర్లకు రాష్ట్ర సగటు 53కి 10 శాతం కలిపి 58 యూనిట్లు ఇస్తున్నారు. మీ అంకె లోపల వాడితే సున్నా. అంకె దాటి 200 లోపు వాడితే దాటిన యూనిట్లకు డబ్బు. 200 దాటితే ఆ నెల ఉచితం ఏమీ లేదు, మొదటి యూనిట్ నుంచీ మొత్తం బిల్లు మనదే.

కాగితం మీద వేసి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మన వీధిలోనే మూడు ఇళ్లు ఉన్నాయనుకుందాం. మొదటి ఇంటి పాత సగటు 100 యూనిట్లు, కాబట్టి అంకె 110. రెండో ఇంట్లో 2022-23లో ముసలావిడ ఒక్కతే ఉండేది, కొడుకు సంసారం బెంగళూరులో. ఒక ఫ్యాను, రెండు బల్బులు, చిన్న టీవీ. సగటు 30, అంకె 40. మూడో ఇంట్లో అప్పటికే ఫ్రిజ్, కూలరు, ఎండాకాలం ఏసీ ఉన్నాయి. సగటు 180, అంకె 198. ఇప్పుడు ముసలావిడ కొడుకు ఊరికి తిరిగొచ్చాడు, ఇంట్లో ఐదుగురు. ఒక నెలలో మూడు ఇళ్లూ తలా 130 యూనిట్లు వాడాయి. యూనిట్ ధర 5 రూపాయల 80 పైసలు. మొదటి ఇంటికి 20 యూనిట్లకు 116 రూపాయలు. ముసలావిడ ఇంటికి 90 యూనిట్లకు 522. మూడో ఇంటికి సున్నా.

వాడకం ఒక్కటే అయినా బిల్లులు మూడు రకాలు. ఆనాడు పొదుపుగా బతికిన ఇంటికి ఈనాడు ఉచితం తక్కువ, ఆనాడు ధారాళంగా వాడిన ఇంటికి ఎక్కువ. ఉచితం పేరు చెప్పి జనం వాడకం పెంచేస్తారని, దానికి పగ్గం వేయడానికే పాత సగటు నిబంధన పెట్టామని ప్రభుత్వం అంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. 2025-26 బడ్జెట్లో ఈ ఒక్క పథకానికే 10,100 కోట్లు కేటాయించారు. పగ్గం లేకపోతే ఖర్చు ఇంకెంత పెరిగేదో. కాని ఇంట్లో మనుషులు పెరుగుతారు, తగ్గుతారు, పెళ్లిళ్లవుతాయి, వలస వెళ్లినవాళ్లు తిరిగొస్తారు. అంకె మాత్రం 2023 మార్చిలో ఆగిపోయింది. నా మట్టుకు ఈ పథకంలో సరిదిద్దాల్సిన మొదటి విషయం ఇదే.

ఇక 200 దగ్గర ఉన్న మెట్టు సంగతి. అదే మూడు ఇళ్లూ మే నెలలో సరిగ్గా 200 యూనిట్లు వాడితే, యూనిట్ల ధర మాత్రమే చూసినా, మొదటి ఇంటికి 90 యూనిట్లకు 522 రూపాయలు, ముసలావిడకు 160 యూనిట్లకు 928, మూడో ఇంటికి రెండు యూనిట్లకు 11 రూపాయల 60 పైసలు. ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయితే ముగ్గురికీ 1,165 రూపాయల 80 పైసలు. పదకొండు రూపాయలు కట్టే ఇల్లు ఒక్క యూనిట్‌తో పదకొండు వందల పైకి వెళ్లిపోతుంది. ఒక రాత్రి కూలరు ఐదు గంటలు నడిస్తే అయ్యే కరెంటు అది.

201 యూనిట్ల బిల్లు అంతటితో అయిపోదు. స్థిర చార్జీ ఉంటుంది. బిల్లు మీద కన్నడంలో "నిగదిత శుల్క" అని రాసేది ఇదే. మీటరుకు మంజూరైన లోడు కిలోవాట్‌కు నెలకు 145 రూపాయల చొప్పున, రెండు కిలోవాట్ల ఇంటికి 290. యూనిట్ల ధర మీద 9 శాతం పన్ను 104 రూపాయల 92 పైసలు. దాని మీద ఉద్యోగుల పింఛను, గ్రాట్యుటీ సర్‌చార్జి యూనిట్‌కు 36 పైసల లెక్కన 72 రూపాయల 36 పైసలు. అన్నీ కలిపితే 1,633 రూపాయల 8 పైసలు. నెలనెలా మారే ఇంధన, విద్యుత్ కొనుగోలు సర్దుబాటు చార్జీని ఇందులో కలపలేదు, అది ఆ నెల బిల్లు చూసి కలుపుకోవాలి.

ఈ రేట్లు 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి ఆఖరు దాకా వర్తించేవి. కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్ 2025 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం యూనిట్ ధర 5.90 నుంచి 5.80కి తగ్గింది. పేపర్లలో ఆ పది పైసల తగ్గింపే పెద్దక్షరాల్లో వచ్చింది. అదే ఉత్తర్వులో స్థిర చార్జీ కిలోవాట్‌కు 120 నుంచి 145 అయింది, అదే నెలలో ఇచ్చిన వేరే ఉత్తర్వుతో 36 పైసల సర్‌చార్జి కొత్తగా వచ్చి పడింది. పది పైసలు తగ్గించి ముప్పై ఆరు పైసలు వేస్తే అది పెంపే కదా. నేనూ పింఛను మీద బతికేవాణ్నే, లైన్‌మన్ల పింఛను ఇవ్వొద్దని అనను. ఇన్నాళ్లూ ప్రభుత్వం మోయాల్సిన బరువును బిల్లులోకి తెచ్చేటప్పుడు ఆ సంగతి జనానికి వాళ్ల భాషలో చెప్పి ఉంటే బాగుండేది.

నిజానికి ఇలాంటి మెట్టు ఒకటి కమిషన్ రేట్లలోనే ఉండేది. 2023 మేలో వచ్చిన ఉత్తర్వు ప్రకారం 100 యూనిట్ల దాకా వాడితే యూనిట్‌కు 4.75, 100 దాటితే మొత్తం యూనిట్లకూ 7 రూపాయలు. అంటే 100కి 475, 101కి 707. దీని మీద చాలా గొడవ జరిగింది. 2024 ఫిబ్రవరి 28 నాటి ఉత్తర్వుతో కమిషన్ ఆ మెట్టును తీసేసి గృహ వినియోగదారులందరికీ ఒకే ధర పెట్టింది. 200 దగ్గరి మెట్టు మాత్రం కమిషన్‌ది కాదు, ప్రభుత్వానిది. కాబట్టి ధర మీద ఫిర్యాదు ఉంటే కమిషన్‌కు, అంకె మీద, మెట్టు మీద ఫిర్యాదు ఉంటే ఇంధన శాఖకు రాయాలి. మనవాళ్లు రెండూ కలిపి సెక్షన్ ఆఫీసులో కౌంటరు దగ్గర కూర్చున్న గుమాస్తాను తిడుతున్నారు. అతని చేతిలో ఏదీ లేదు.

హగరికి అవతల ఆదోని, ఆలూరు వైపు మనకు వియ్యాలున్నాయి. పెళ్లిలో కలిస్తే "మీకేంలే, కరెంటు ఉచితం" అనే మాట తప్పకుండా వస్తుంది. 1953 అక్టోబరు 1కి ముందు అంతా ఒకే బళ్లారి జిల్లా, ఒకే మద్రాసు ప్రభుత్వం. ఆ రోజు నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, మనం మైసూరుకు. ఇప్పుడు వాళ్లకు బిల్లు ఇచ్చేది తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్, మనకు కలబురగి కేంద్రంగా ఉన్న జెస్కాం. రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి ఉచితమో అంత తేలిగ్గా చెప్పలేం.

ఆంధ్రలో 2022 నుంచి నడుస్తున్న శ్లాబులు ఇవి. మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఏ యూనిట్‌కు ఆ శ్లాబు ధరే. పై శ్లాబులోకి వెళ్లినా కింది యూనిట్ల ధర మారదు. స్థిర చార్జీ కిలోవాట్‌కు 10 రూపాయలే. ఈ లెక్కన 130 యూనిట్లకు ఆదోనిలో యూనిట్ల ధర 447 రూపాయలు. మన ముసలావిడ ఇక్కడ, ఉచిత పథకంలో ఉండి, అదే 130కి 522 కడుతోంది. 200 యూనిట్లకు ఆదోనిలో 867, 201కి 873. ఒక్క యూనిట్‌కు పెరిగింది ఆరు రూపాయలే. 300 యూనిట్లయితే అక్కడ 1,673, ఇక్కడ 1,740. సుమారు 323 యూనిట్ల తర్వాత లెక్క తిరగబడుతుంది. 400 యూనిట్లకు అక్కడ 2,548, ఇక్కడ 2,320. ఇదంతా యూనిట్ల ధర మాత్రమే. అక్కడ సర్దుబాటు చార్జీల మోత వేరే ఉంది. 2022-23, 2023-24 సంవత్సరాలకు కలిపి 15 వేల కోట్లకు పైగా జనం నుంచి వసూలు చేసుకోవడానికి అక్కడి కమిషన్ 2024 ఆఖర్లో డిస్కంలకు అనుమతిచ్చింది. ఆదోని బంధువులు బిల్లు చూసి గుండెలు బాదుకునేది దీనికే. కాబట్టి వియ్యంకుల దగ్గర ఎవరూ తగ్గనక్కర్లేదు, ఎగరనక్కర్లేదు.

తెలంగాణలో కూడా గృహజ్యోతి పేరుతోనే 2024 మార్చి నుంచి పథకం నడుస్తోంది. అక్కడ తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకే. ఇక్కడ రేషన్ కార్డుతో పని లేదు, ఆ మాటకొస్తే మన పథకం మెరుగే.

సరే, మన ఇంటి లెక్క మనం ఎలా చూసుకోవాలి? బిల్లు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. కన్నడ, తెలుగు లిపులు అక్కాచెల్లెళ్లే కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంటే మన పెద్దవాళ్లు కూడా చదవగలరు. "హిందిన మాపన" అంటే పోయిన నెల రీడింగు, "ఇందిన మాపన" ఈ నెల రీడింగు, "బళకె" అంటే వాడకం, "తెరిగె" అంటే పన్ను, "బాకి" మన బాకీయే. ముందు వాడకం చూడండి. రెండు రీడింగుల తేడా దానికి సరిపోవాలి. రీడింగు మీటరు మీద ఉన్న అంకెతో పోల్చండి. తర్వాత తేదీలు చూడండి, పోయిన రీడింగుకు ఈ రీడింగుకు ఎన్ని రోజులు అయిందో. ముప్పై రోజుల్లో 195 వాడే ఇంటికి ముప్పై మూడు రోజులకు రీడింగు తీస్తే 214 చూపిస్తుంది. అలా జరిగితే బిల్లు జిరాక్సు పెట్టి సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటి మాటకు విలువ లేదు. ముప్పై ఏళ్లు గుమాస్తా పనిలో నేను చూసింది ఇదే. 1912కి ఫోను చేసినా ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి.

మీ అంకె తెలియకపోతే 2022 ఏప్రిల్ నుంచి పన్నెండు నెలల వాడకం కూడి పన్నెండుతో భాగించండి. పాత చీటీలు లేకపోతే ఆర్.ఆర్. నంబరు చెప్పి ఆఫీసులో అడగండి.

ఆ తర్వాత ఇంట్లో ఏది ఎంత తింటుందో చూడాలి. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. పాత రకం సీలింగు ఫ్యాను 75 వాట్లు. మన ఊళ్లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, రోజుకు 15 గంటలు తిరగక తప్పదు. నెలకు దాదాపు 34 యూనిట్లు. మూడు ఫ్యాన్లుంటే 101. ఇప్పుడు బీఎల్‌డీసీ అని వస్తున్న ఫ్యాన్లు 30 వాట్ల చుట్టుపక్కల ఉంటాయి, అవే మూడు అవే గంటలు తిరిగితే 40 యూనిట్లు. నెలకు 60 యూనిట్ల తేడా. 200 మెట్టు దగ్గర ఉన్న ఇంటికి ఈ 60 యూనిట్లే బిల్లును తేల్చేస్తాయి. 200 వాట్ల కూలరు రాత్రి పది గంటలు నడిస్తే రెండు యూనిట్లు, నెలకు 60. టన్నున్నర ఏసీ గంటకు యూనిట్ నుంచి యూనిట్‌న్నర దాకా లాగుతుంది, రాత్రి ఆరు గంటలు వేస్తే నెలకు 180 నుంచి 270. అంటే ఏసీ ఒక్కటే మెట్టు దాటించేస్తుంది. ఒక హార్స్‌పవరు నీళ్ల మోటారు గంటకు ముప్పావు యూనిట్. గీజరు అరగంటకు ఒక యూనిట్. మిక్సీ, గ్రైండరు మీద కోడళ్లను కసురుకునే అత్తగార్లకు చెప్పేదేమంటే, అవి నడిచే నిమిషాలకు అయ్యేది చాలా తక్కువ. కసరాల్సింది ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యానును.

200 యూనిట్లను ముప్పై రోజులకు పంచితే రోజుకు ఆరున్నర చిల్లర, వారానికి 46. అంకె 110 ఉన్న ఇంటికి వారానికి 25. ఆదివారం ఆదివారం మీటరు చూసి క్యాలెండరు మీద రాసుకుంటే, నెల మధ్యలోనే ఎటు పోతున్నామో తెలిసిపోతుంది. బిల్లు వచ్చాక ఎంత తగ్గించినా ఆ నెలకు లాభం లేదు.

మన పాత ఇళ్లకు ప్రత్యేకంగా ఉన్న చిక్కులు రెండు. మీటరు తాత పేరు మీద, ఆధార్ మనవడిది. పథకానికి అది అడ్డు కాలేదు కాని, లోడు తగ్గించుకోవాలన్నా, మీటరు మార్చాలన్నా పేరు మార్పు కావాలి. ఆ పని ఇప్పుడే చేసుకోండి, వారసులు నలుగురైతే తర్వాత సంతకాలు దొరకవు. రెండోది ఉమ్మడి మీటరు. అన్నదమ్ములు వంటలు వేరు పెట్టుకున్నారు, మీటరు ఒకటే, నెలకు 240 యూనిట్లు, ప్రతి నెలా పూర్తి బిల్లు. మూడు కిలోవాట్ల లోడుతో, సర్దుబాటు చార్జీ కాకుండానే, రెండు వేలు దాటుతుంది. వేరే మీటరు పెట్టించుకుంటే కొత్త మీటరుకు 58 యూనిట్ల అంకె వస్తుంది. పాత మీటరు సగటు 2022-23లోనే 200 దాటి ఉంటే దానికి ఏమీ రాదు. అందుకని మీటరు పెట్టించే ముందు కాగితం మీద రెండు రకాలుగానూ వేసి చూసుకోండి, కనెక్షను ఖర్చు కూడా కలిపి. ఒకే ఆధార్‌ను రెండు మీటర్లకు పెడితే ఒకదానికే వర్తిస్తుందని మరవద్దు. పిల్లల చదువులకని బళ్లారికి అద్దెకు వెళ్లినవాళ్లు పాత ఆర్.ఆర్. నంబరు నుంచి ఆధార్‌ను విడిపించి కొత్తదానికి జత చేసుకునే వీలు 2024 నుంచి సేవాసింధులో ఉంది.

ఏడాది పొడుగునా 250, 300 వాడే ఇళ్లు మిద్దె మీద సోలారు గురించి ఆలోచించవచ్చు. కేంద్రం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడింటికి 78 వేలు సబ్సిడీ ఇస్తోంది. మన ఎండకు కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. సున్నా బిల్లు వస్తున్న ఇళ్లకు మాత్రం ఇప్పుడు తొందర లేదు, ఎవరైనా ఏజెంటు గుమ్మం దగ్గరికొచ్చి సంతకం పెట్టమంటే పెట్టకండి.

సంఘం తరఫున రెండు అర్జీలు రాస్తున్నాం. ఒకటి ఇంధన శాఖకు. 2022-23 సగటును పక్కన పెట్టి ఇంట్లో ఇప్పుడున్న మనుషుల సంఖ్యను బట్టి అంకెను తిరిగి కట్టాలని, 200 దాటినప్పుడు దాటిన యూనిట్లకే డబ్బు తీసుకోవాలని. రెండోది భాష గురించి. ఒక భాషా అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉన్న ప్రాంతాల్లో ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు ఆ భాషలోనూ ఇవ్వాలని 1956 నాటి రక్షణల పత్రంలోనే ఉంది. విద్యుత్ రేట్ల మార్పు ముఖ్యమైనది కాదని ఎవరూ అనలేరు. ఉత్త అర్జీలకు బలం ఉండదు, లెక్కలు జత చేయాలి. ఎవరి దగ్గరైనా 2022-23 బిల్లులూ ఈ ఏడాది ఏప్రిల్, మే బిల్లులూ రెండూ ఉంటే జిరాక్సులు సంఘంలో ఇవ్వండి. పేరు, ఆర్.ఆర్. నంబరు కొట్టేసి ఇచ్చినా సరే, మాకు కావాల్సింది యూనిట్లూ, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదీ.